ఆఖరి మాత్ర వేసుకున్న సమయం

ఆ మార్చి ఉదయం తొమ్మిదింబావుకి మా ల్యాబు ముందు గదిలో ఉన్నవాళ్ళు: కంప్యూటరు దగ్గర నేను, రక్తం తీసే నా సహోద్యోగి, అద్దం తలుపుకి అవతల మిషన్ దగ్గర మా ఇన్‌చార్జి మేడమ్, బెంచీల మీద ఇరవై మందికి పైగా పేషంట్లు. వాళ్ళలో ఉతికి మడత పెట్టిన గీతల చొక్కా తొడుక్కుని వచ్చిన యాభై నాలుగేళ్ళ జాలరి ఒకాయన. ఉన్న వస్తువులు: బార్‌కోడ్ ప్రింటరు ఒకటి, చేతికి కట్టే రబ్బరు పట్టీలు మూడు (ఒకటి సాగిపోయింది), ఎర్రమూత ట్యూబుల ట్రే, టోకెన్ నంబరు చూపించే బోర్డు, మూలన మంచినీళ్ళ డ్రమ్ము, దాని పక్కన పేపర్ కప్పుల దొంతర. ఆ దొంతరలోంచి ఒక కప్పు తీసి, నీళ్ళు పట్టి, ఆ జాలరి చేతికిచ్చింది నేనే.

ఈ జాబితాలో ముఖ్యమైనది ఆ కప్పు. అది నాకు తెలియడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదు నాది. ముప్ఫై రెండు. రిటైరవలేదు, ఆ ఉద్యోగం మానేశాను, అంతే. సీతమ్మధార వైపు ఒక ఆస్పత్రి ల్యాబులో నాలుగేళ్ళు చేసి, ఇప్పుడు పరవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. ఇక్కడ నా బల్ల మీదకి మాత్రలు వస్తాయి, వాటిని మింగే మనుషులు రారు. కొత్తగా ల్యాబుల్లో చేరే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. మీ కోర్సులో మిషన్ గురించి అంతా చెబుతారు. దాని ముందున్న గడి గురించి చెప్పరు.

గుండె లయ తప్పి, వేగంగా, అడ్డదిడ్డంగా కొట్టుకునే కొందరికి డిగాక్సిన్ అనే మాత్ర ఇస్తారు. చాలా పాత మందు. తక్కువైతే పని చేయదు, కాస్త ఎక్కువైతే విషం. ఆ రెండింటి మధ్య జాగా బాగా ఇరుకు. అందుకని రక్తంలో ఎంత ఉందో కొలిచి మోతాదు సరిచేస్తారు. ఆ కొలత నా పని. ఇందులో ఒక మెలిక ఉంది. మాత్ర మింగిన మొదటి కొన్ని గంటలు మందు ఎక్కువగా రక్తంలోనే తిరుగుతుంటుంది, గుండె కండరంలోకి ఇంకా సర్దుకోదు. అప్పుడు కొలిస్తే పెద్ద అంకె వస్తుంది. ఆ అంకెని బట్టి ఎవరూ ఏమీ నిర్ణయించకూడదు. మాత్రకీ రక్తం తీయడానికీ మధ్య కనీసం ఆరు గంటలుండాలి. అందుకే మా సాఫ్ట్‌వేర్‌లో ఈ పరీక్షకి ఒక గడి పెట్టారు: ఆఖరి మాత్ర వేసుకున్న సమయం. అది నింపితేగాని తర్వాతి పేజీ తెరుచుకోదు.

నేను చేరిన మొదటి వారమే మేడమ్ నేర్పారు.

"ఇక్కడ రాత్రి తొమ్మిది అని కొట్టెయ్ నాన్నా. అందరూ దాదాపు అప్పుడే వేసుకుంటారు. ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ కూర్చుంటే మధ్యాహ్నానికి కూడా లైను తరగదు."

ఆవిడ నిర్లక్ష్యం మనిషి కాదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. ఇరవై రెండేళ్ళ అనుభవం. రోజూ ఏడుంబావుకి వచ్చి, చీర కొంగు తల మీద కప్పుకుని, మిషన్ మీద చెయ్యి వేసి ఒక నిమిషం ప్రార్థన చేసుకునేవారు. ప్రార్థన అయ్యాక, ముందే విలువ తెలిసిన ద్రావణాలు మూడు మిషన్‌కి పెట్టి, అవి సరైన విలువ చూపించేదాకా ఒక్క పేషంటు ట్యూబు కూడా ముట్టనిచ్చేవారు కాదు. రవ్వంత తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి. అంత జాగ్రత్త గల మనిషి నేర్పింది కాబట్టి ఆ రాత్రి తొమ్మిది కూడా ఆ జాగ్రత్తలో భాగమే అనుకున్నాను. నాకు ఖాళీ గడి చూస్తే చిరాకు. రక్తం తీసే మా సహోద్యోగి ఏడిపించేవాడు.

"బావ, గడి నిండకపోతే నీకు అన్నం అరగదు కదా. నీ పెళ్ళి సూపులకి కూడా ఫారం అట్టుకెల్తావ్ నువ్వు."

ఆ జాలరి మొదటిసారి ఫిబ్రవరిలో వచ్చాడు. పెద్ద బోటు నడిపే సరంగు. గుండె బలహీనమై, లయ తప్పింది. అప్పుడు వచ్చిన అంకె 0.4. డాక్టరు గారు మందలించి పంపారట. మెట్లు దిగి నేరుగా మా కౌంటరు దగ్గరకి వచ్చాడు.

"బాబూ, నాకు మార్కులు తక్కువొచ్చీసినాయంట. డాక్టరు గోరు తిట్టీసినారు."

"మరి మాత్రలు ఎగ్గొడితే ముద్దెట్టుకుంటారేటి?" అన్నాడు మా వాడు, సూది సర్దుకుంటూ.

"ఎగ్గొట్టలేదయ్యా. మూడ్రోజులు సంద్రం మీద ఉండిపోనాను. డబ్బీ ఇంటికాడ ఉండిపోనాది. నాను మందెగ్గొట్టీ మనిసినేటి?"

నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయన బెంగ ఏమిటో అప్పుడే చెప్పాడు. ఏటా ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంటి పట్టున ఉండి, మందు రక్తంలో సరిగా ఉందని తేలితే, నిషేధం ఎత్తేశాక బోటు ఎక్కనిస్తానని డాక్టరు గారు అన్నారట. లేదంటే ఒడ్డునే. "ఒడ్డునుండి ఏటి సేత్తాను బాబూ? వలలు కుట్టుకుంటూ కూకుంటే పిల్లలు కూడా మాటినరు." ఆయన భయం చావు కాదు. బోటు తాళం ఇంకొకరి చేతికి పోవడం.

మార్చిలో మళ్ళీ వచ్చాడు. అదే నేను మొదట చెప్పిన ఉదయం. టోకెన్ తీసుకుని, కౌంటరు దగ్గరకి వచ్చి, "బాబూ, కూసిన్ని నీళ్ళిప్పించండి" అన్నాడు. ఇచ్చాను. చొక్కా జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకున్నాడు. నేను అప్పటికే తెర వైపు తిరిగాను. ఆయన పేరు, వయసు, పరీక్ష, ఆఖరి మాత్ర సమయం: రాత్రి తొమ్మిది. ముందున్న టోకెన్లు అన్నీ అయ్యి ఆయన చేతికి పట్టీ కట్టేసరికి పదిన్నర. 2.3 వచ్చింది.

ఫిబ్రవరిలో 0.4 ఉన్న మనిషికి 2.3. నాకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానం మిషన్ మీద. మళ్ళీ పెట్టాను: 2.3. మేడమ్ విలువ తెలిసిన ద్రావణం పెట్టి చూశారు: సరిగ్గా ఉంది. మూడోసారి: 2.3. అంత ఖచ్చితంగా పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. పావుగంటలో డాక్టరు గారు ఫోన్ చేశారు.

"శాంపిల్ టైమింగ్ సరిగ్గానే ఉందా?"

తెర వైపు చూశాను. "ఉంది సర్. ఆఖరి మాత్ర రాత్రి తొమ్మిది, రక్తం పదిన్నరకి."

ఇప్పటికి ఆ ఫోను గురించి ఎన్నిసార్లు ఆలోచించానో లెక్క లేదు. లెక్క లేనివి నాకు తక్కువ. ఆ ఉదయమే నేను కల్పించి రాసినదాన్ని, అది ఎవరో చెప్పిన సాక్ష్యం అయినట్టు చదివి వినిపించాను. అబద్ధం ఆడుతున్నానన్న స్పృహ లేదు. తెర మీద ఉంది కాబట్టి చదివాను. డాక్టరు గారు మాత్రని సగానికి తగ్గించారు.

ఏప్రిల్ ఆఖర్న మూడోసారి. గడిలో మళ్ళీ రాత్రి తొమ్మిదే కొట్టాను. బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉన్న రోజులు. సగం మాత్ర మీద వచ్చిన అంకె 1.6. బలహీనమైన గుండెకి ఒకటి దాటకూడదనేవారు ఆ డాక్టరు గారు. పైగా ఆయనకి అన్నం సయించడం లేదట. మందు ఎక్కువైతే మొదట పోయేది ఆకలే. గుండె ఇంకా నీరసించినా పోయేది ఆకలే. 1.6 అన్న అంకె పక్కన ఉంటే ఎవరైనా మొదటిదే అనుకుంటారు. మాత్ర పూర్తిగా ఆపేశారు. దాని బదులు ఇచ్చిన మందు ఆయన తక్కువ బీపీకి పడక, కొంచెమే ఇవ్వగలిగారు.

మర్నాడు ఆయన ల్యాబుకి వచ్చాడు, పరీక్ష లేకుండా. న్యూస్‌పేపర్‌లో చుట్టిన పొట్లం కౌంటరు మీద పెట్టాడు. ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు.

"మాత్ర మానిపించీసినారు బాబూ. జబ్బు తగ్గిపోనట్టే. మీ అమ్మ గోరికి ఇయ్యండి. ఇసక లేదు, మా ఇంటిది మంచిగా కడిగి ఎండబెట్టినాది."

"మాకేటి లేదా? పొడిసింది నాను కదా!" అన్నాడు మా వాడు.

"నీకెందుకిత్తాను? నువ్వు పొడిసినావు, ఈ బాబు నీళ్ళిచ్చినాడు."

అందరం నవ్వాం. ఆయన కూడా. నవ్వితే ఆయాసం వచ్చి, కౌంటరు అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ నిలబడటం నేను చూశాను. ఏ గడిలోనూ రాయాల్సింది కాదది.

జూన్ మొదటి వారంలో, నిషేధం ఎత్తేయడానికి పది రోజుల ముందు, ఆయన్ని ఐసీయూలో చేర్చారు. గుండె నిమిషానికి నూట అరవై సార్లు కొట్టుకుంటోంది. ఊపిరితిత్తుల్లో నీరు. అక్కడి డ్యూటీ డాక్టరు పాత చీటీ చూసి డిగాక్సిన్ పరీక్ష కూడా రాసి పంపారు. మిషన్ కొలవగలిగే కనీస విలువ కంటే తక్కువ వచ్చింది. ఆపేసి నెల దాటింది కాబట్టి ఉండదు. ఆశ్చర్యం లేదు.

రిపోర్టు కోసం ఆయన భార్య కౌంటరు దగ్గరకి వచ్చింది. చేపలు అమ్మే మనిషి. ఎప్పుడూ బేరంలో ఉండటం వల్ల ఆయన వెంట ఇంతకు ముందు ఎన్నడూ రాలేదు. రిపోర్టు చేతిలోకి తీసుకుని, చదవలేక, నన్ను అడిగింది.

"బాబూ, ఈపాలి మాత్ర ఏసుకోకుండానే రగతం తీసీసినారు. మరి మందు అగుపడుద్దా?"

"మాత్ర ఆపేశారు కదమ్మా."

"అది కాదు బాబూ. పరీచ్చకి ముందల ఏసుకోవాల కదా. మా మావ అలాగే సేసీవోడు. అప్పుడోపాలి తక్కువుందని తిట్టినారు కదా. మరి రగతంలో అగుపడాలని, రాత్రి మాత్ర దాసుకుని, పొద్దున్న ఇక్కడికొచ్చినాక ఏసుకునీవోడు. రెండుపాలూ అంతే. కప్పుతోటి నీళ్ళిచ్చిన బాబు మీరే కదా? మంచి బాబని సెప్పీవోడు."

ఏమన్నానో గుర్తు లేదు. గుర్తున్నది లోపలికి వెళ్ళడం, అద్దం తలుపు దగ్గర మేడమ్ మొహం, ఆవిడ అంతా విన్నారని తెలియడం. లిఫ్టు కోసం ఆగకుండా మూడు అంతస్తులు ఎక్కి డాక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: మాత్ర తొమ్మిదింబావుకి, రక్తం పదిన్నరకి, మధ్య గంటంబావు, రెండుసార్లూ అలాగే.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను నిన్ను ఫోన్లో అడిగాను."

"అడిగారు సర్."

"నువ్వు ఆయన్ని అడిగావా?"

"లేదు సర్."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "నా ఎదురుగా కూర్చున్నాడు రెండుసార్లు. నేనూ అడగలేదు," అని కళ్ళజోడు పెట్టుకుని ఐసీయూకి ఫోన్ చేశారు.

ఆ రోజే మందు మళ్ళీ మొదలుపెట్టారు. అయిదో రోజున పరీక్ష. రక్తం తీయడానికి మా వాడితో పాటు నేనూ వెళ్ళాను. మందు ఎన్నింటికి ఇచ్చారో నర్సుని అడిగాను, చార్టులో కూడా చూశాను: ఉదయం ఆరు. తీసింది మధ్యాహ్నం రెండున్నరకి. ఎనిమిదిన్నర గంటలు. నేను అంత సరిగ్గా నింపిన గడి అంతకు ముందు ఏదీ లేదు. ఫలితం 0.9. చెబుదామని మళ్ళీ పైకి వెళ్ళాను. ఆయన ముక్కు మీద మాస్కు ఉంది. వేళ్ళతో దాన్ని కాస్త జరిపాడు.

"నంబరెంతొచ్చింది బాబూ?"

"0.9, బాబాయ్. సరిగ్గా ఉండాల్సినంత ఉంది."

"అయితే ఏటకెల్లొచ్చా?"

డాక్టరు గారిని అడుగుతానన్నాను. మా వాడు ఆ మంచం దగ్గర ఒక్క పరాచికం కూడా ఆడలేదు. నాలుగేళ్ళలో అదొక్కసారే చూశాను.

మర్నాడు ఉదయం ఆయన పోయాడు. నిషేధం ఎత్తేయడానికి ఇంకా నాలుగు రోజులు. మందు రక్తంలో సరిగ్గా ఉండగానే పోయాడు. "మాత్ర ఆపకపోయినా ఇదే జరిగేదేమో. ఆపడం వల్లే జరిగిందేమో. ఈ రెంటిలో ఏదీ నేను కాగితం మీద రాయలేను," అన్నారు డాక్టరు గారు. ఆ మాటని నేను ఊరటగా వాడుకోవాలని కొన్నాళ్ళు ప్రయత్నించాను. కుదరలేదు.

పన్నెండో రోజు తర్వాత మా వాడూ నేనూ జాలరిపేట వెళ్ళాం. బోట్లు అప్పటికే వేటకి వెళ్ళిపోయాయి. వీధిలో మగవాళ్ళు తక్కువ. ఆవిడ గుమ్మంలో చాప వేసింది. దారిలో మా వాడు, "సెప్పకు బావ. సెప్తే ఆవిడికి ఏటొత్తాది? ఇంకో బాధ తప్ప" అన్నాడు. అయినా చెప్పాను. గడి సంగతి, రాత్రి తొమ్మిది సంగతి, ఫోను సంగతి. తేలిక మాటల్లో, వరసగా. ఆవిడ మధ్యలో ఆపలేదు. ఎవర్నీ శపించలేదు. అంతా విని ఒక్కటే అంది.

"నువ్వడిగితే సెప్పీవోడు బాబూ. మా మావ అబద్దమాడీ మనిసి కాదు."

తిరిగి వస్తుంటే బీచ్ రోడ్డు మీద మా వాడు బండి ఆపాడు. "నాను కూడా పొడిసినప్పుడు అడగలేదు కదా బావ," అన్నాడు.

నెత్తళ్ళ పొట్లంలో సగం అప్పటికి ఇంకా మా వంటింటి డబ్బాలో ఉంది. అమ్మ వేపితే తినలేకపోయాను. ఎందుకని అడిగితే ఆవిడకి కూడా చెప్పాను.

మర్నాడు మేడమ్‌తో అన్నాను, ఇప్పటికీ డిగాక్సిన్ వాడుతూ మన దగ్గరకి వస్తున్నవాళ్ళందరికీ ఫోన్ చేద్దామని. "పాత ఎంట్రీల జోలికి వెళ్ళకు నాన్నా, ఇప్పుడవన్నీ తవ్వితే ఆస్పత్రి ఊరుకోదు," అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. ఇంకో మూడేళ్ళు సర్వీసుంది. నేను నా సీట్లోకి వెళ్ళిపోయాను. ఆ తర్వాతి ఉదయం నేను వచ్చేసరికి మిషన్ ఇంకా ఆన్ చేయలేదు. మేడమ్ తల మీద కొంగు అలాగే ఉంది. చేతిలో ప్రింటు తీసిన పేర్ల జాబితా, మధ్యలో స్కేలుతో గీసిన గీత.

"నేర్పింది నేను. పైసగం నాకు, కిందసగం నీకు."

రెండు రోజులు, లైను తగ్గాక, మధ్యాహ్నాలు ఫోన్లు చేశాం. అడిగింది ఒకే ప్రశ్న: మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు? ఎందుకు అడుగుతున్నామో కూడా చెప్పాం. కొందరు కోప్పడ్డారు. ఎక్కువమంది, ఇన్నాళ్ళకి ఎవరో అడిగారన్నట్టు, వివరంగా చెప్పారు. స్టీలు ప్లాంటులో చేసే ఒకాయన, "ఏ షిఫ్టు వారం గురించి అడుగుతున్నారు సార్?" అన్నాడు. ఆయన మాత్ర డ్యూటీ దిగాకే. అంటే వారానికో సమయం. అచ్యుతాపురం ఫ్యాక్టరీకి వెళ్ళే ఒకావిడ, బస్సులో సీటు దొరికాక. ఒక పాస్టరు గారు మామూలు రోజుల్లో పొద్దున్నే, ఆదివారం మాత్రం ఆరాధన అయ్యాక. సీతమ్మధారలో ఒక పెద్దావిడ, టీవీలో సీరియల్ అయిపోయాక. పరీక్ష ఉన్న రోజున ల్యాబుకి వచ్చి, మా డ్రమ్ము నీళ్ళతోనే వేసుకుంటామన్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు ఆ మధ్యాహ్నమే డాక్టరు గారికి పంపాం.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రాసి ఆ గడిలో "తెలియదు" అని కొట్టే వీలు పెట్టించడానికి అయిదు నెలలు పట్టింది. అది వచ్చాక నేను ఉద్యోగం మానేశాను. ఎవరూ పొమ్మనలేదు.

ఆ జాబితా నకలు ఒకటి నా దగ్గరుంది, మేడమ్ గీసిన గీతతో సహా. అందులో పేర్లు ముప్ఫై ఒకటి. ముప్ఫై ఒక్కరికీ ఆ గడిలో ఉన్నది రాత్రి తొమ్మిదే. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకునేవాళ్ళు నలుగురు.